ఒంటిచేతి దండీలకి ఏ పుషప్ బార్ ఆగుతుంది?

పుషప్ బార్ అంటే దండీలు తీసేటప్పుడు నేల మీద పెట్టి పట్టుకునే పిడి. బజార్లో దొరికేవి రెండు చేతుల లెక్కతో చేసినవి. మామూలు దండీలో ఒంటి బరువులో ఇంచుమించు మూడింట రెండొంతులు చేతుల మీద ఉంటుంది. 70 కిలోల మనిషికి సుమారు 45 కిలోలు. ఒక చెయ్యి తీసేస్తే ఆ బరువంతా రెండో చేతి మీదికి వస్తుంది, పైగా ఒళ్లు ఖాళీ వైపుకి తిరగబోతుంది. బార్ పక్కకి వాలేది అక్కడే.

ఎస్ ఆకారపు స్టీల్ బార్ చవక. మణికట్టు వెనక్కి విరగకుండా నిటారుగా ఉంటుంది, ఆ మేరకు డబ్బుకి న్యాయమే. కానీ చాలావాటికి అడుగు ఇరుకు. కొనేముందు కొట్లోనే నేల మీద పెట్టి, పిడి ఒక చివర అరచేత్తో గట్టిగా నొక్కుతూ పక్కకి తొయ్యండి. అవతలి కాలు లేచిందా, వదిలేయండి. ఫోమ్ తొడుగుని కూడా మెలితిప్పి చూడాలి. చెమట పట్టాక గొట్టం మీద గిర్రున తిరిగేది అదే. దాన్ని పీకేసి క్రికెట్ బ్యాట్ గ్రిప్ ఎక్కిస్తే సరిపోతుంది. మందపాటి యోగా మ్యాట్ మీద మాత్రం వద్దు, ఒక కాలు దిగబడి బార్ ఒరుగుతుంది.

గుండ్రంగా తిరిగే ప్లాస్టిక్ రకం ఈ పనికి దండగ. ఒళ్లు తిరక్కుండా ఆపడానికే సగం బలం పోతుంటే, కింద పిడి కూడా తిరగడమెందుకు?

మా ఓటు చెక్కదానికి. అడుగు వెడల్పు, బరువు, కదలదు. పిడి ఒంటికి సమాంతరంగా, భుజం కిందకి కాస్త లోపలగా పెట్టాలి. పాదాలు భుజాలకి ఒకటిన్నర రెట్లు ఎడం. ఖాళీ చెయ్యి తొడ మీద. పిరుదులు బిగించి, మోచెయ్యి పక్కటెముకల వెంబడే వెనక్కి పోయేలా మూడు సెకన్లలో దిగాలి. మోచెయ్యి బయటికి తెరుచుకుంటే భుజం ముందు భాగం పట్టేస్తుంది. అలా నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆపేయడమే. పిడి 10–15 సెంటీమీటర్ల ఎత్తు కాబట్టి ఛాతీ అవసరానికి మించి దిగిపోతుంది. కింద మడత దుప్పటి వేసుకుని, అది తగలగానే లేవాలి.

రెండు చేతులతో 25 దండీలు వంకర లేకుండా తీయలేనివాళ్లు ఇంకా బార్ జోలికి పోవద్దు. ముందు గోడ, తర్వాత కదలని బల్ల, ఆ తర్వాత మెట్టు: చెయ్యి ఆనే చోటు ఎంత కిందికి దిగితే బరువు అంత పెరుగుతుంది. బలహీనమైన చేత్తో మొదలుపెట్టి, చేతికి మూడు నుంచి ఐదు చొప్పున మూడు సెట్లు, మధ్యలో రెండు నిమిషాలు. వారానికి రెండు రోజులు చాలు.

చెక్క బార్‌కి ఉన్న లోపం వార్నిష్. కొత్తలో చెమటకి జారుతుంది. పిడి వరకు సన్న ఉప్పు కాగితంతో రుద్దేస్తే పట్టు వస్తుంది.