16×20 అంగుళాల ప్రింటుకి 35 ఎంఎం ఫిల్మ్ సరిపోతుందా, 120 ఫిల్మ్ కావాలా?

ఇంట్లో డార్క్‌రూమ్ (ఫిల్మ్ నుంచి ప్రింట్లు వేసుకునే చీకటి గది) పెట్టుకున్నప్పటి నుంచి చెన్నైలోని మన తెలుగు మిత్రులు అడిగేది ఇదే: "గోడకి పెద్ద ప్రింటు పెట్టాలి అన్నా, 35 ఎంఎం చాలదా?" మొన్న నాకే ఆ అవసరం వచ్చి, 35నీ, దానికంటే వెడల్పైన 120 రోలు ఫిల్మ్‌నీ వేసి చూశాను.

కాశిమేడు రేవులో తెల్లారుతుండగా ఒకే పడవని రెండు కెమెరాలతో తీశాను: ఒకటి 35ది, ఇంకోటి 120 రోలు మీద 6×6 సెంటీమీటర్ల చదరపు ఫ్రేములు తీసేది. రెండింట్లోనూ ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే ఒకే రకం నలుపు తెలుపు ఫిల్మే. 8×10 అంగుళాల కాగితం మీద ఏది ఏదో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. 16×20 వేశాక తేడా తెలిసిపోయింది. 6×6 నెగెటివ్‌లో పడవ మోకు పురులు లెక్కపెట్టొచ్చు. 35లో అదే మోకు ఒక బూడిదరంగు గీత, ఆకాశమంతా గ్రెయిన్, అంటే ఫిల్మ్‌లోని గరుకు చుక్కలు.

నేను చూసేది ఒక్కటే, నెగెటివ్‌ని ఎన్ని రెట్లు పెంచుతున్నాం అని. 35 ఎంఎం ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు. 8×10కి ఎనిమిదిన్నర రెట్లు, 16×20కి 17 రెట్లు పెరగాలి. 6×6 అని పిలిచేది నిజానికి 56 మిల్లీమీటర్ల చదరం, 16×20కి 9 రెట్లు చాలు. అంటే 35తో 8×10లో వచ్చే నాణ్యత ఇక్కడ 16×20లో వస్తుంది. ఫిల్మ్ ఒకటే కాబట్టి గ్రెయినూ ఒకటే, పెంచే రెట్లే వేరు. దుమ్ముకీ ఇదే లెక్క. నెగెటివ్ మీద మిల్లీమీటరులో పదోవంతు నలుసు 17 రెట్లకి 1.7 మిల్లీమీటర్ల తెల్లమచ్చ అవుతుంది. నా 35 ప్రింటు మీద అలాంటి మచ్చలు సన్న కుంచెతో పూడ్చడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

అయినా మైలాపూర్ రథోత్సవంలాంటి జనంలోకి నేను 35నే పట్టుకెళ్తాను. రోలుకి 36 ఫ్రేములు, వెలుతురు తక్కువైనా పనిచేసే లెన్సులు. 6×6లో వచ్చేవి 12 ఫ్రేములే. పైగా ముందూ వెనకా షార్ప్‌గా రావాలంటే ఎపర్చర్ (లెన్సులోంచి వెలుతురు వచ్చే కన్నం) బాగా మూయాలి, అప్పుడు వెలుతురు తగ్గి ట్రైపాడ్ తప్పదు. 35తోనే పెద్ద ప్రింటు కావాలంటే 100 స్పీడ్ ఫిల్మ్ (వెలుతురు ఎక్కువ కావాల్సిన నెమ్మది రకం) వాడండి, గ్రెయిన్ కొంత తగ్గుతుంది.

120 రోలు మీదే చిన్న ఫ్రేము 6×4.5 అయితే 16×20కి దాదాపు 10 రెట్లు, అదీ మంచిదే. విడి షీట్లుగా వచ్చే 4×5 అంగుళాల ఫిల్మ్‌కి 4 రెట్లు దాటితే చాలు, కానీ ఒక్కో షీటు ఖర్చు చూసి నేను అటు పోలేదు.

గోడకి పెట్టే ప్రింటు కోసమైతే నా ఓటు 120కే. కెమెరా కొనేముందు మీ ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ని పెద్దదిగా కాగితం మీద వేసే యంత్రం) 6×6 నెగెటివ్‌ని పడుతుందో లేదో చూసుకోండి. 35కి వాడే 50 ఎంఎం లెన్సుతో దాని మూలలు చీకటిపడతాయి, 80 ఎంఎం లెన్సు కావాలి.