హంద్రీ-నీవాకా, పాత చెరువులకా: ప్రభుత్వం డబ్బు ఎక్కడ పెడితే మేలు?

ఎండలు ముదిరితే చాలు, మా అనంతపురం వైపు అందరూ అడిగే ప్రశ్న ఇదే. నేనైతే ముందు చెరువులకే అంటాను.

హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకాన్ని తక్కువ చేసి మాట్లాడను. శ్రీశైలం వెనక నీళ్లను మల్యాల దగ్గర ఎత్తి, ఒక్కో పంపుహౌసూ దాటించి మా జిల్లాలోని జీడిపల్లి జలాశయం దాకా తేవడం చిన్న పని కాదు. 40 టీఎంసీలతో 6 లక్షల ఎకరాలు తడపాలన్న పథకం అది. వానలు ఎగ్గొట్టిన ఏడాది ఎంత మంచి చెరువైనా ఎండాల్సిందే, అప్పుడు దిక్కు కృష్ణ నీళ్లే.

అయితే కట్టడానికి ఎంతయిందని కాదు, ఏటా ఎంతవుతుందని చూడాలి. పంపులు తిరిగినన్నాళ్లూ కరెంటు బిల్లు వస్తూనే ఉంటుంది, పైగా శ్రీశైలంలో నీళ్లుండాలి. చెరువుకు వంక (వాగు) పారితే చాలు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది, వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులోనే చెక్కించారు, ఆ చెరువు ఇప్పటికీ ఉంది. ఊరికే నిలబడలేదు. మన సీమలో కట్ట బాగోగులు చూసేవాళ్లకు దశబంధం అనే ఇనాము (మాన్యం) భూములుండేవి, తూము తీసి మడిమడికీ నీళ్లు పంచడానికి నీరుగంటి ఉండేవాడు, చెరువు నిండి మరవ (మిగులు నీళ్లు పోయే దారి) పారితే ఊరంతా కట్టమీద గంగమ్మకు పూజ చేసేది. ఆ ఏర్పాటు పోయింది, దాని స్థానంలో ఇంకొకటి రాలేదు.

ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. కరువులో కూలీల కడుపు నింపింది, పూడికలూ తీశారు. కానీ మట్టి ఎత్తితే సరిపోదు కదా, తూము కారుతూ, వంక కాలువ నిండా కంపచెట్లు ఉంటే నీళ్లెలా చేరతాయి, చేరినా ఎలా నిలుస్తాయి? రేపు హంద్రీ-నీవా నీళ్లు మళ్లించినా వచ్చేది ఆ చెరువులోకే, అందుకే వరస ముందు చెరువుది అంటున్నాను.

ఎవరి పొలంలో వాళ్లు తవ్వుకునే సేద్యపు కుంటలు చీనీ (బత్తాయి) తోటలున్నవాళ్లకు పనికొస్తాయి, ఊరి మొత్తానికి కాదు.

ఈసారి గ్రామసభలో పూడికతీత ఒక్కటే రాయించి ఊరుకోకండి. తూము, మరవ, వంక కాలువ రిపేర్లతో పాటు నీరుగంటికి నెల జీతం కూడా అడగండి.