అప్‌గ్రేడ్ లైసెన్స్‌తో క్లీన్ ఇన్‌స్టాల్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

విండోస్ 7 హోమ్ ప్రీమియం అప్‌గ్రేడ్ ప్యాక్ కొన్న దగ్గర్నుంచి ఆ ఒక్క లైసెన్స్‌తోనే నెట్టుకొస్తున్నాను. మధ్యలో హార్డ్ డిస్క్ పోయి ఎస్ఎస్‌డీ వచ్చింది, మదర్‌బోర్డు మారింది, విండోస్ 7 కాస్తా 10 అయింది, ఆ తర్వాత 11 అయింది. మెషీన్ నెమ్మదించిన ప్రతిసారీ డిస్క్ మొత్తం తుడిచి మొదటి నుంచి వేసుకోవడమే నా అలవాటు. అంటే అప్‌గ్రేడ్ కోసం ఇచ్చిన లైసెన్స్‌ను ఎక్కువగా క్లీన్ ఇన్‌స్టాల్‌కే వాడాను. చవకగా వచ్చే అప్‌గ్రేడ్ లైసెన్స్‌తో ఇది నిజంగా కుదురుతుందా అని చాలామంది అడుగుతుంటారు. కుదురుతుంది. నాకు ఇన్నేళ్లూ బాగానే పనిచేసింది. అయితే ఒక విషయం ముందే తెలిసి ఉండాలి: మీ దగ్గర పాత విండోస్ ఉందన్న రుజువును సెటప్ ఎక్కడ వెతుకుతుందో తెలియాలి. అది తెలిస్తే టెన్షన్ ఉండదు. తెలియకపోతే ఇన్‌స్టాల్ అంతా సాఫీగా అయిపోయి, చివర్లో యాక్టివేషన్ (లైసెన్స్ సరైనదేనని మైక్రోసాఫ్ట్ ధ్రువీకరించే దశ) దగ్గర ఆగిపోతారు.

ఫుల్ లైసెన్స్‌కీ అప్‌గ్రేడ్ లైసెన్స్‌కీ డిస్క్‌లో ఉండే ఫైళ్ల విషయంలో తేడా దాదాపు లేదు. తేడా అంతా కీలోనూ (లైసెన్స్‌తో ఇచ్చే అక్షరాల, అంకెల కోడ్), షరతులోనూ ఉంది. అప్‌గ్రేడ్ ధర తక్కువ ఎందుకంటే పాత వెర్షన్‌కు మీరు ఇదివరకే డబ్బు కట్టారు కాబట్టి. ఆ కట్టిన సంగతి మీరు ఎలా చూపిస్తారన్నదే ప్రతి వెర్షన్‌లోనూ మారుతూ వచ్చింది.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇది చాలా తేలిక. అప్‌గ్రేడ్ సీడీతో ఖాళీ డిస్క్ మీద ఇన్‌స్టాల్ మొదలుపెడితే, మధ్యలో సెటప్ ఆగి పాత విండోస్ సీడీ పెట్టమని అడిగేది. విండోస్ 98 సీడీయో, 2000 సీడీయో పెడితే చూసుకుని ముందుకు వెళ్లేది. నన్నడిగితే ఇంతకంటే మర్యాదైన పద్ధతి తర్వాత రాలేదు. కొన్న వస్తువు చేతిలో ఉంటే చాలు, దాన్ని డిస్క్ మీద ఎక్కించి చూపించాల్సిన పని లేదు. 2007లో విస్టా వచ్చి దీన్ని తీసేసింది. సీడీ చూపిస్తే సరిపోదు, పాత విండోస్ లోపలి నుంచే సెటప్ నడపాలి అన్నారు. అక్కడి నుంచే అడ్డదారులు పుట్టాయి.

విండోస్ 7 గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ లైసెన్స్‌తో నేను ఎక్కువ కాలం గడిపింది అక్కడే. 2009 అక్టోబరు 22న అది విడుదలైంది. ఎక్స్‌పీ, విస్టా ఉన్నవాళ్లు అప్‌గ్రేడ్ ప్యాక్‌కు అర్హులు. కానీ ఎక్స్‌పీ మీద నేరుగా అప్‌గ్రేడ్ చేసే వీలు లేదు. 32 బిట్ నుంచి 64 బిట్‌కు వెళ్లాలన్నా అంతే. వాళ్లందరికీ సెటప్‌లో కనిపించే రెండు ఆప్షన్లలో ‘కస్టమ్’ ఒక్కటే దారి. అంటే చాలామందికి ఆ అప్‌గ్రేడ్ డిస్క్ ఎలాగూ కొత్త ఇన్‌స్టాల్ డిస్కే. డిస్క్‌తో బూట్ చేసినప్పుడు హార్డ్ డిస్క్‌లో పాత విండోస్ కనబడితే సరే. కొత్త హార్డ్ డిస్క్ కొని బిగించి, ఏమీ లేని దాని మీద వేస్తేనే చిక్కు. ఇన్‌స్టాల్ ఆగదు. కీ అడిగే తెర దగ్గర ఖాళీగా వదిలేసి నెక్స్ట్ కొడితే డెస్క్‌టాప్ కూడా వచ్చేస్తుంది. తర్వాత కీ ఇచ్చి యాక్టివేట్ చేయబోతే 0ఎక్స్‌సీ004ఎఫ్061 అని ఎర్రర్ వస్తుంది. ఈ కీ అప్‌గ్రేడ్‌కే పనికొస్తుంది, క్లీన్ ఇన్‌స్టాల్‌కు కాదు అని దాని అర్థం. కీ తప్పు కాదు, పాడైపోలేదు. పాత విండోస్ జాడ దొరకలేదు, అంతే.

దీనికి అధికారికంగా చెప్పే పరిష్కారం పాత విండోస్ వేసి, దాని మీద నుంచి మళ్లీ 7 వేసుకోమని. ఒక పూట మొత్తం దానికే పోతుంది. ఇంకో రెండు దారులు ఉండేవి. ఒకటి రెండుసార్లు ఇన్‌స్టాల్ చేయడం: కీ లేకుండా 7 వేసి, ఆ 7 లోపలి నుంచే డిస్క్ నడిపి ‘అప్‌గ్రేడ్’ ఎంచుకోవడం. 7 మీద 7 అప్‌గ్రేడ్ అవుతుంది, కీ ఒప్పుకుంటుంది. రెండోది రిజిస్ట్రీ దారి, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట ఒక విలువ మార్చడం. అందులో సెటప్ కింద ఉండే ఓఓబీఈ అనే ఫోల్డర్లో ‘మీడియా బూట్ ఇన్‌స్టాల్’ అనే విలువ ఉంటుంది. డిస్క్‌తో బూట్ చేసి వేస్తే అది 1గా ఉంటుంది. దాన్ని 0 చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎల్‌ఎంజీఆర్‌ను రీఆర్మ్ (యాక్టివేషన్ గడువును మళ్లీ మొదలుపెట్టే) స్విచ్‌తో నడిపి, రీస్టార్ట్ చేసి, కీ ఇస్తే యాక్టివేట్ అయ్యేది. అయిదు నిమిషాల పని. నేను మాత్రం రెండుసార్లు వేసే పద్ధతికే ఓటు వేస్తాను. టైమ్ ఎక్కువ పట్టినా రిజిస్ట్రీ జోలికి వెళ్లక్కర్లేదు, తర్వాత ఏదైనా తేడా వస్తే కారణం వెతుక్కునే పని ఉండదు. ఎలాగూ యాక్టివేట్ చేయడానికి 30 రోజుల గడువు ఉండేది, రీఆర్మ్‌తో దాన్ని 120 రోజుల దాకా సాగదీయవచ్చు కూడా. కాబట్టి హడావుడి పడాల్సిన అవసరం లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ దారులు సాంకేతికంగా ఎవరికైనా పనిచేస్తాయి, పాత విండోస్ అసలు లేనివాళ్లకు కూడా. అలాగని అది వాళ్ల హక్కు అయిపోదు. యాక్టివేట్ కావడం వేరు, లైసెన్స్ ఉండటం వేరు. అప్‌గ్రేడ్ లైసెన్స్ పాత లైసెన్స్ మీద నిలబడుతుంది. అప్‌గ్రేడ్ చేశాక ఆ పాత కాపీని ఇంకో మెషీన్లో వేసుకోవడం కూడా కుదరదు, రెండూ కలిసి ఒకటే లైసెన్స్. సగం ధరకే కొత్త విండోస్ అని సలహాలిచ్చేవాళ్లు ఈ ముక్క చెప్పరు. నా దగ్గర విస్టా కాపీ, దాని బిల్లు ఉన్నాయి కాబట్టే నేను ధైర్యంగా ఈ పద్ధతి వాడాను, ఇతరులకూ అలా ఉంటేనే చెబుతాను.

విండోస్ 10తో ఆట మారిపోయింది. 2015 జులై 29న విడుదలై, 7, 8.1 ఉన్నవాళ్లకు ఏడాది పాటు ఉచితం అన్నారు. మొదట్లో ముందు అప్‌గ్రేడ్ చేసి, యాక్టివేట్ అయ్యాకే డిస్క్ తుడిచి క్లీన్‌గా వేసుకోవాల్సి వచ్చేది. ఆ నవంబరులో వచ్చిన 1511 వెర్షన్ నుంచి పాత 7, 8, 8.1 కీని నేరుగా కొత్త ఇన్‌స్టాల్లోనే ఇచ్చే వీలు కల్పించారు. కానీ అసలు మార్పు అది కాదు. రుజువు మీ డిస్క్ మీద నుంచి వాళ్ల సర్వర్‌కు వెళ్లిపోయింది. ఒకసారి యాక్టివేట్ అయితే మీ హార్డ్‌వేర్ గుర్తు అక్కడ నమోదవుతుంది, దాన్నే డిజిటల్ లైసెన్స్ అంటున్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు తుడిచి వేసినా, కీ అడిగిన చోట ‘నా దగ్గర కీ లేదు’ అని నొక్కి, అదే ఎడిషన్ (హోమ్, ప్రో లాంటి రకం) ఎంచుకుంటే చాలు. నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. క్లీన్ ఇన్‌స్టాల్ అలవాటున్నవాళ్లకు ఇది నిజంగా పెద్ద సుఖం.

ఇందులో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. అప్‌గ్రేడ్ అయిన మెషీన్లో కీ చూపించే సాఫ్ట్‌వేర్ నడిపి, వచ్చిన కీని కాగితం మీద రాసి దాచుకుంటారు. హోమ్ ఎడిషన్ అయితే ఆ కీ చివరి అయిదు అక్షరాలు 8హెచ్‌వీఎక్స్7 అని, ప్రో అయితే 3వీ66టీ అని ఉంటాయి. అలా అప్‌గ్రేడ్ అయిన అందరి మెషీన్లలోనూ అదే కీ. అది మీది కాదు, ఎడిషన్ గుర్తుపట్టడానికి పెట్టిన సాధారణ కీ. దాన్ని ఎంత భద్రంగా దాచినా వేరే మెషీన్లో యాక్టివేట్ కాదు. దాచుకోవాల్సింది మీరు కొన్న అసలు కీ, బిల్లు, పెట్టె.

సర్వర్‌లో ఉన్న రుజువు మదర్‌బోర్డును పట్టుకుని ఉంటుంది. నా బోర్డు పోయి కొత్తది వేసినప్పుడు విండోస్ వెంటనే యాక్టివేషన్ లేదంది. అప్పటికే లైసెన్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు ముడిపెట్టి ఉంచాను కాబట్టి యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్ తెరిచి, ‘ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను’ అన్న ఆప్షన్ నొక్కి, పాత మెషీన్ పేరు ఎంచుకుంటే పని అయిపోయింది. ఈ సౌకర్యం 2016 ఆగస్టులో వచ్చిన 1607 వెర్షన్‌తో మొదలైంది. ఇప్పుడే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి చూడండి. డిజిటల్ లైసెన్స్ మీ అకౌంట్‌కు లింక్ అయినట్టు రాసి ఉందా? లేకపోతే డిస్క్ తుడిచే ముందే ఆ పని చేయండి. ఇంకోటి, నాది షాపులో విడిగా కొన్న రిటైల్ లైసెన్స్. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ మెషీన్‌తోనే ఆగిపోతుంది.

ల్యాప్‌టాప్‌ల సంగతి వచ్చింది కాబట్టి. విండోస్ 8 కాలం నుంచి తయారీదారులు కీని బయోస్‌లోనే (మదర్‌బోర్డు మీది చిప్‌లో) పెట్టేస్తున్నారు, కింద స్టిక్కర్ ఉండదు. సెటప్ దాన్ని అడగకుండానే చదివేసుకుంటుంది. మామూలుగా ఇది మంచిదే. కానీ మీ దగ్గర ప్రో కీ ఉండి, ల్యాప్‌టాప్ హోమ్‌తో వచ్చిందనుకోండి, సెటప్ మిమ్మల్ని ఎడిషన్ అడగదు, నిశ్శబ్దంగా హోమ్ వేసేస్తుంది. కంగారు పడక్కర్లేదు. హోమ్ పూర్తయ్యాక సెట్టింగ్స్‌లో కీ మార్చినా ప్రో అయిపోతుంది. మొదటి నుంచే ప్రో కావాలంటే పెన్‌డ్రైవ్‌లో సోర్సెస్ ఫోల్డర్ కింద పీఐడీ అనే టెక్స్ట్ ఫైల్ పెట్టి అందులో మీ కీ రాయాలి. నేను పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడే ఈ ఫైల్ పెట్టుకుంటాను.

ఇన్‌స్టాల్ పని విషయానికొస్తే, 8 జీబీ పెన్‌డ్రైవ్, మీడియా క్రియేషన్ టూల్ ఉంటే మీడియా సిద్ధం. డిస్క్ ఎంచుకునే చోట జీపీటీ, ఎంబీఆర్ (డిస్క్‌ను భాగాలుగా విభజించే రెండు పద్ధతులు) గొడవ వస్తే, డేటా బ్యాకప్ ఉందని రూఢి చేసుకున్నాక అన్ని పార్టిషన్లూ తీసేసి ఖాళీ స్థలం మీదే నెక్స్ట్ కొట్టండి, సెటప్ తనకు కావలసినట్టు చేసుకుంటుంది. రెండు డిస్కులున్న మెషీన్ అయితే డేటా ఉన్నదాన్ని విప్పి పక్కన పెట్టండి. సైజు చూసి గుర్తుపట్టగలం అనుకుంటాం గానీ రెండూ ఒకే సైజు అయితే ఆ తెర మీద తేడా చెప్పడం కష్టం.

యాక్టివేషన్ కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఈ కాలంలో రెండున్నాయి. మొదటిది వైఫై డ్రైవర్, అంటే వైఫై కార్డును విండోస్ వాడుకోవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్. విండోస్ 11 హోమ్ సెటప్ నెట్ కావాలంటుంది, కొత్త వైఫై కార్డుకు డ్రైవర్ లేకపోతే అక్కడే కూర్చోవాలి. తుడిచే ముందు పీఎన్‌పీ యుటిల్ కమాండ్‌తో ఉన్న డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్లోకి ఎగుమతి చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి క్లీన్ ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషీన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతోంది. తర్వాత ఎప్పుడో బయోస్‌లో ఏదో మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. లైసెన్స్ కీ పోతే డబ్బు పోతుంది, ఈ కీ పోతే ఫైళ్లు పోతాయి. ఇన్‌స్టాల్ అయిన రోజే అది అకౌంట్‌లో చేరిందో లేదో చూసుకుని, ఒక కాపీ కాగితం మీద ఉంచుకోండి.

ఇంత శ్రమ అవసరమా, ‘రీసెట్ దిస్ పీసీ’ నొక్కితే సరిపోదా అంటే, చాలామందికి సరిపోతుంది. కానీ కంపెనీవాళ్లు ఎక్కించిన అదనపు సాఫ్ట్‌వేర్ రీసెట్ తర్వాత కూడా తిరిగి రావచ్చు, పార్టిషన్లు పాతవే ఉంటాయి. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి అప్‌గ్రేడ్ చేసిన విండోస్‌లో పాత డ్రైవర్లు, ఆనవాలు లేని సర్వీసులు పేరుకుపోతాయి. వాటిని ఏరుకుంటూ కూర్చోవడం కంటే ఇల్లంతా ఖాళీ చేసి సున్నం కొట్టించుకున్నట్టు మొత్తం తుడిచి వేసుకోవడమే నాకు నయం అనిపిస్తుంది. నా పాత మెషీన్ అంతకాలం బతకడానికి ఎస్ఎస్‌డీ ఎంత కారణమో ఈ అలవాటూ అంతే కారణం.

ఇప్పుడు కొత్తగా ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లకు పరిస్థితి మారింది. ఉచిత అప్‌గ్రేడ్ గడువు 2016 జులైలోనే అయిపోయినా, పాత కీలు చాలాకాలం పనిచేస్తూనే వచ్చాయి. 2023 సెప్టెంబరులో 7, 8 కీలతో ఉచితంగా వెళ్లే దారి మూసేశామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అప్పటికే డిజిటల్ లైసెన్స్ నమోదైన మెషీన్లకు దీనివల్ల నష్టం లేదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, 11కు టీపీఎం 2.0 (ఒక భద్రతా చిప్) ఉన్న హార్డ్‌వేర్ కావాలి. అర్హత ఉన్న విండోస్ 10 మెషీన్ అయితే ముందు లోపలి నుంచే 11కు అప్‌గ్రేడ్ చేసి, యాక్టివేషన్ పేజీ చూసుకుని, అకౌంట్‌కు లింక్ చేసి, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. నేరుగా వేసినా 10 డిజిటల్ లైసెన్స్‌తో 11 యాక్టివేట్ అవుతుంది, అయినా నేను ఈ వరసే పాటిస్తాను. ఏదైనా తేడా ఉంటే డిస్క్ ఇంకా నిండుగా ఉన్నప్పుడే బయటపడుతుంది. ఇక మార్కెట్లో కారుచవకగా అమ్మే కీల జోలికి పోవద్దు. వాటి వెనుక లైసెన్స్ ఉందో లేదో కొన్నవాడికి తెలిసే మార్గం లేదు, యాక్టివేట్ అయిన కీ తర్వాత బ్లాక్ అయితే అడగడానికి మనిషీ ఉండడు. పాత రిటైల్ పెట్టె, బిల్లు ఉన్నవాళ్లు మాత్రం వాటిని పారేయకండి. మదర్‌బోర్డు మార్చినప్పుడు ట్రబుల్‌షూటర్ చేతులెత్తేస్తే, సపోర్ట్‌వాళ్లకు చూపించడానికి మీ చేతిలో ఉండేవి అవే.