ఆఖరి రోజులు ఐసీయూలోనా, ఇంట్లోనా?

మా నాన్నకి ఐసీయూ, మూడేళ్ల తర్వాత మా పెద్దమ్మకి ఇల్లు. ఇద్దరిదీ క్యాన్సరే, ఇక నయం కాదని ఇద్దరి విషయంలోనూ డాక్టర్లు ముందే చెప్పారు.

ఐసీయూలో రోజుకి రెండుసార్లు, పదేసి నిమిషాలు చూడనిచ్చేవాళ్లు. గొంతులో గొట్టం, మాట లేదు, చెయ్యి పట్టుకుంటే వేళ్లు కొంచెం కదిలించేవారు. కోలుకునే అవకాశం ఉన్నవాళ్లకి ఐసీయూని మించింది లేదు, కానీ నాన్నకి ఆ అవకాశం లేదు కదా.

పెద్దమ్మ మాత్రం పెరటి తలుపు పక్కన తన మంచం మీదే ఉంది. వారానికోసారి పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) నర్సు వచ్చి పుండు కడిగి కట్టు మార్చేది, నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి ఎలా వేయాలో, దాంతోపాటు మలబద్ధకానికి ఇచ్చిన మందు ఎందుకు ఆపకూడదో మా వదినకి ఓపిగ్గా నేర్పింది. నొప్పి తగ్గిన రోజు పెద్దమ్మ ఆవకాయ అడిగింది. వేలితో నాలిక మీద రాశాం, కళ్లు మూసుకుని చప్పరించింది.

ఇల్లు తేలికేం కాదు. నిద్ర ఉండదు, అర్ధరాత్రి ఆయాసం వస్తే టెన్షన్, ఫోన్ ఎత్తే నర్సు లేకపోతే మళ్లీ అంబులెన్సే దిక్కు. అందుకే ఆ నర్సు ప్రతి మండలానికీ రావాలంటాను. కేరళ 2008లోనే దీనికి ప్రభుత్వ విధానం తెచ్చింది, అక్కడ పంచాయతీల ద్వారా నర్సులు ఇళ్లకి వెళ్తారు. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక మార్ఫిన్‌కి లైసెన్సుల చిక్కులూ తగ్గాయి. తెలంగాణలో జిల్లా పాలియేటివ్ కేంద్రాలున్నాయి, ఐసీయూకి సంతకం పెట్టేముందు అక్కడ ఒక్కసారి అడగండి.