హాలోజన్ హెడ్‌లైట్లలో ఎల్‌ఈడీ బల్బులు పెట్టించబోతున్నారా? కాస్త ఆగండి

పిల్లలతో రాత్రి ప్రయాణాలు ఎక్కువయ్యాయి, హెడ్‌లైట్ల వెలుగు చాలడం లేదు అని మా కారుకు హాలోజన్ బల్బులు తీయించి ఎల్‌ఈడీలు పెట్టించాను. నాలుగు నెలలు తిరక్కుండానే రెండు హెడ్‌లైట్లూ మొత్తంగా మార్చుకోవాల్సి వచ్చింది. డబ్బు సంగతి సరే. ఆ నాలుగు నెలలూ పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని ఎంత తక్కువ దూరం చూస్తూ నడిపానో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మొదటి రోజు సంబరపడ్డాను. బానెట్ ముందు రోడ్డంతా పాలు పోసినట్టుంది. కానీ ఆ రాత్రి నుంచే ఎదురొచ్చే ప్రతి బండీ నాకు లైట్లు కొట్టడం మొదలుపెట్టింది. నేను డిమ్‌లోనే ఉన్నాను కదా, వీళ్లకేమైంది అనుకున్నాను. అప్పుడే దిగి ఎదురుగా నిలబడి చూసుకోవాల్సింది.

ఒక వాన రాత్రి మా ఆవిడ ఒక్కసారిగా "ఆపండి, ఆపండి, ముందు లారీ!" అని అరిచింది. వెనక లైట్లు లేకుండా రోడ్డు వారగా ఆగి ఉంది. నాకు కనబడలేదు. బ్రేకు మీద నిలబడితే కారు దానికి బారెడు దూరంలో ఆగింది. వెనక నిద్రపోతున్న చిన్నది ఉలిక్కిపడి లేచి ఏడ్చింది.

ఎందుకిలా జరిగిందో తర్వాత తెలిసింది. డిమ్, హైబీమ్ రెండూ ఒకే బల్బులో ఉండే హెచ్4 రకం హాలోజన్‌లో డిమ్ తీగ కింద, వెలుగు పైకి లేవకుండా అడ్డుకునే చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఆ సన్నని తీగ సరిగ్గా ఎక్కడుంటుందో లెక్కగట్టి రిఫ్లెక్టర్ (వెలుగును ముందుకు తిప్పే మెరిసే గిన్నె) వంపు తయారుచేస్తారు. వెలుగు పుట్టే చోటు కొద్దిగా జరిగినా, దాని ఆకారం మారినా కిరణాలు దారి తప్పుతాయి. ఎల్‌ఈడీలో తీగ ఉండదు, బద్దకు రెండు పక్కలా అతికించిన చిప్పులుంటాయి. దాంతో కొంత వెలుగు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, వాన చినుకుల మీద పడి మన మీదికే తిరిగొస్తుంది. ఇంకొంత బంపరు ముందే కుప్పగా పడుతుంది. అసలు ప్రమాదం ఈ కుప్పతోనే. దగ్గరి రోడ్డు అంత తెల్లగా మెరిస్తే కన్ను ఆ వెలుగుకే అలవాటు పడుతుంది, దాని అవతలి చీకటి ఇంకా చిక్కబడుతుంది. బాగా కనబడుతోందని నమ్ముతూనే ఉంటాం, దూరంలో ఉన్నది మాత్రం కనబడదు.

పెట్టె మీద రాతలు నమ్మకండి. నేను కొన్నదాని మీద 40 వాట్లు, 20,000 ల్యూమెన్లు (వెలుగు ఎంతో చెప్పే కొలత), 6,000 కెల్విన్ అని ఉంది. అంటే వాటుకు 500. అంత ఇచ్చే తెల్ల ఎల్‌ఈడీ లోకంలోనే లేదు. మామూలు హెచ్4 బల్బు ప్రమాణం డిమ్‌లో 1,000, హైబీమ్‌లో 1,650 ల్యూమెన్లు. 6,000 కెల్విన్ అన్నది రంగు లెక్క, వెలుగు ఎంతో చెప్పే లెక్క కాదు.

ఇక హెడ్‌లైట్లు ఎలా పాడయ్యాయంటే, ఎల్‌ఈడీ వెనకున్న ఫ్యాను పట్టడం లేదని ఫిట్టరు బ్లేడు తీసుకుని, హెడ్‌లైట్ లోపలికి నీరు చేరకుండా వెనక ఉండే రబ్బరు మూత మధ్యలో కోసేశాడు. నేను పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాను. వానాకాలం రాగానే అద్దం లోపల ఆవిరి పట్టింది, తర్వాత నీటి చుక్కలు, ఆపైన రిఫ్లెక్టర్ మెరుపు పోయి మచ్చలు తేలాయి. దుకాణానికి వెళ్తే "ఫిట్ చేశాక వాపసు ఉండదు సార్" అన్నారు. రబ్బరు కోసింది మీరే కదా అంటే సమాధానం లేదు. పైగా 100/90 వాట్ల (హైబీమ్‌కు 100, డిమ్‌కు 90) హాలోజన్ వేయించుకోమన్నారు! మామూలు 60 వాట్ల బల్బు సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది, 100 వాట్లది 8 పైనే. విడిగా రిలే (ఎక్కువ కరెంటును మోసే స్విచ్చి), లావు వైరు లేకుండా వేస్తే బల్బు హోల్డరు కరుగుతుంది. రిఫ్లెక్టర్ కూడా ఆ వేడికి తట్టుకోదు.

చివరికి నాకు తెలిసిన పాత మెకానిక్ మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ దగ్గరున్న వోల్టేజి హోల్డరు దాకా రావడం లేదు, కరెంటు తిరిగి వెళ్లే ఎర్తు కనెక్షన్ తుప్పు పట్టింది. హాలోజన్‌కు వోల్టేజి నూటికి ఐదు వంతులు తగ్గితే వెలుగులో దాదాపు ఆరో వంతు పోతుందట. మొదట్లో నాకు వెలుగు చాలకపోవడానికి ఇదొక కారణం, పసుపెక్కిన అద్దాలు ఇంకో కారణం. ఎర్తు బాగుచేసి, కొత్త హెడ్‌లైట్లలో ఈ-మార్కు (ప్రమాణాలకు సరిపోయిందని చూపే ముద్ర) ఉన్న మామూలు 60/55 బల్బుల జత వేశాడు. గాజును వేలితో ముట్టుకోలేదు, చేతి జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి బల్బు త్వరగా పోతుందన్నాడు. వెనక సీటు, డిక్కీ నిండినప్పుడు ముక్కు పైకి లేస్తుంది కాబట్టి స్టీరింగు దగ్గరున్న లెవెలింగ్ చక్రం తిప్పుకోమన్నాడు. అదెందుకుందో అన్నేళ్లూ నాకు తెలియదు.

ఏ బల్బు వేయించినా డబ్బు ఇచ్చేముందు కారును చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి డిమ్ వేయించండి. వెలుగు పై అంచు గీత గీసినట్టు తేటగా ఉండాలి. చాలా కార్లకు ఆ గీత హెడ్‌లైట్ నడిమి ఎత్తు కంటే సుమారు 10 సెంటీమీటర్లు కిందకి రావాలి. గీత చెదిరి మసకగా కనబడితే పాత బల్బులే తిరిగి పెట్టించుకుని వచ్చేయండి. రబ్బరు మూత కొయ్యాలని ఎవరైనా బ్లేడు తీస్తే అక్కడే ఆపండి.