సైకిల్ వెనక లైటు: రెండొందల సరుకు ఎంతవరకు పనికొస్తుంది?

చీకట్లో సైకిల్ తొక్కేవాళ్లకు పోలీసులు చెప్పేది ఎప్పుడూ ఒకటే: వెనక ఎర్ర లైటు పెట్టుకోండి, లేదంటే రేడియం స్టిక్కరైనా అంటించండి. మంచి మాటే. రెండొందలకు అటూ ఇటూగా దొరికే, కంపెనీ పేరు లేని యూఎస్‌బీ చార్జింగ్ లైటు ఆ పని చేస్తుందా? చేస్తుంది, కట్టాల్సిన చోట కడితే.

దాంతో ఇచ్చే రబ్బరు బెల్టు సీటు కింది గొట్టానికి కొలిచి చేసింది. గేరు సైకిల్‌కు సరే. మన దగ్గర పాల క్యాను, టిఫిన్ డబ్బా, గడ్డిమోపు అన్నీ క్యారియర్ మీదే పోతాయి. వాటి చాటున లైటు వెలిగినా ఆరినా ఒకటే. క్యారియర్ చివరి కడ్డీకి కట్టాలి. కడ్డీ సన్నం కాబట్టి బెల్టు వదులై, మొదటి గుంతకే లైటు నేలచూపులు చూస్తుంది. పాత ట్యూబు ముక్క రెండు మూడు చుట్లు చుట్టి దానిమీద బిగిస్తే కదలదు. స్టాండేసి ఇరవై అడుగులు వెనక్కి వెళ్లి చూడండి, వెలుగు సూటిగా కంట్లో పడాలి.

అసలు లోపం చార్జింగ్ రంధ్రం రబ్బరు మూత. నాలుగు రోజులకే వదులవుతుంది. మడ్‌గార్డ్ ఉంటే రంధ్రం కిందికి ఉండేలా కట్టండి. మడ్‌గార్డ్ లేని సైకిల్‌కు అలా కడితే చక్రం చిమ్మే నీళ్లన్నీ అందులోకే. తడి ఆరకుండా చార్జింగ్ పెడితే పిన్నులు చిలుము పడతాయి. పైగా ఈ లైటు దారిలో ఆరిపోతే తొక్కేవాళ్లకు తెలియదు, అది వీపు వెనక ఉంటుంది కదా!

అందుకే రేడియం కూడా ఉండాలి. నంబర్ ప్లేట్లు చేసే షాపులో ఎర్రది జానెడు ముక్క తీసుకుని, మడ్‌గార్డ్‌ను సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక అంటించాలి. వారానికోసారి తుడవాలి, బురద పడితే రేడియం గుడ్డిదే. హెడ్‌లైటు లేకుండా వచ్చే ట్రాక్టరుకు మాత్రం ఇది ఉన్నా లేనట్టే.

ఇంత చేసినా సగం బాధ్యత వెనక వచ్చే బండిదే. సైకిల్‌కు లైటు లేదన్న ఒక్క సాకుతో అది తీరదు. ప్రమాదకరంగా నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 ఉంది. 2019 సవరణతో ఫోను పట్టుకుని నడపడం, రూలు తప్పి ఓవర్‌టేక్ చేయడం కూడా దాని కిందికే వచ్చాయి. సైకిలోళ్లకు చెప్పినంత గట్టిగా హైబీమ్ వేసుకుని వచ్చేవాళ్లకూ చెప్పాలి.

వెనక లైటుకు ఐదుకు మూడున్నర మార్కులు. దానికి జతగా అమ్మే ముందువైపు లైటుకు ఒకటే, అది ఎదుటివాళ్లకు కనబడటానికే తప్ప దారి చూడటానికి చాలదు. ఆ లోటు యాసంగి కోతలప్పుడు తెలుస్తుంది: ఊళ్ల రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. అక్కడ 'ఎడమ పక్కనే పోండి' అన్న సలహా నడవదు. రాళ్ల దాకా వచ్చి తిప్పొద్దు; కుప్ప కనబడగానే వెనక్కి చూసి, కుడి చేయి చాచి, ముప్పై అడుగుల ముందే మెల్లగా జరగండి.