వేడి వైపు నుంచా, చలి వైపు నుంచా?

బెంగళూరు ఐఐఎస్‌సీలో ఫిజిక్స్ చదివే మన తెలుగు పిల్లలు టీ దగ్గర వాదించుకోదగ్గ సంగతి ఇది: చదరపు గళ్ల ఐసింగ్ మోడల్‌ని ఏ వైపు నుంచి లెక్క కట్టాలి? ఐసింగ్ మోడల్ అంటే అయస్కాంతానికి ఓ బొమ్మ నమూనా: గళ్ల ప్రతి మూలలో పైకో కిందకో చూసే స్పిన్ (బుల్లి అయస్కాంతం) ఒకటి, పక్కపక్క స్పిన్‌లని ఒకే వైపుకి లాగే బంధం ఒకటి.

బంధశక్తిని ఉష్ణశక్తితో భాగిస్తే వచ్చేది కె. వేడి ఎక్కువైతే కె చిన్నది, అంటే బంధం బలహీనం. అప్పుడు మొత్తం లెక్కని టాన్‌హెచ్ కె (కె చిన్నదైతే తానూ చిన్నదయ్యే ఫంక్షన్) ఘాతాల్లో విస్తరిస్తాం, ఒక్కో టాన్‌హెచ్ కెకి ఒక బంధం మీద గీత గీస్తూ. మిగిలేవి మూసుకున్న వలయాలే. అన్నిటికన్నా చిన్నది నాలుగు గీతల చతురస్రం, విలువ టాన్‌హెచ్ కె నాలుగో ఘాతం.

చలిలో బంధం బలం, స్పిన్‌లన్నీ ఒకే వైపు. వాటిలో ఒక్కటి తిరగబడిందనుకోండి. చుట్టూ నాలుగు బంధాలు చెడతాయి, ఒక్కోదానికీ ఇ పవర్ మైనస్ 2కె చొప్పున. ఆ నాలుగింటికీ అడ్డంగా గీతలు గీసి చూడండి: మళ్లీ అదే చతురస్రం!

భౌతిక శాస్త్రవేత్తలు క్రామర్స్, వానియర్ 1941లో పట్టుకున్నది ఈ పోలికనే. స్పిన్‌ల ఒకే వైపు అమరిక చెదిరిపోయే మార్పు బిందువు ఒక్కటే అయితే, టాన్‌హెచ్ కె, ఇ పవర్ మైనస్ 2కె సమానమయ్యే చోటే అది ఉండి తీరాలి. అక్కడ ఉష్ణశక్తి బంధశక్తికి సుమారు 2.269 రెట్లు. ఈ మోడల్‌కి ఆన్సాగర్ ఇచ్చిన పూర్తి పరిష్కారం 1944లో గానీ రాలేదు.

నన్నడిగితే కొత్తవాళ్లకి చలి వైపే నయం, తిరగబడ్డ స్పిన్ కళ్లకు కడుతుంది. వేడి వైపు, తెరిచి ఉన్న గీతలు ఎందుకు రద్దవుతాయో బుర్రకెక్కడానికి కాస్త టైం పడుతుంది.

మూడు కొలతల్లో మాత్రం ఈ కిటుకు సాగదు. అక్కడ వేడి-చలి పోలికలో ఐసింగ్‌కి జోడీ ఐసింగ్ కాదు, 1971లో వెగ్నర్ చూపిన గేజ్ మోడల్ (స్పిన్‌లు మూలల్లో కాక గీతల మీద ఉండే మోడల్).